మంచం ఇచ్చి ఆపండి

కాంట్రాక్టరు రొసాలియో మొదట లారీలోంచి మూడు మూటలు కిందికి విసిరాడు, తర్వాత మనుషుల్ని దిగమన్నాడు. అదీ వాడి మర్యాద!

టెక్సాస్ ముగిసి పక్క రాష్ట్రం మొదలయ్యే చోట, మిట్టమధ్యాహ్నం, లారీని ఆపారు. మిషిగన్ బీట్‌దుంపల పొలాల్లో కలుపు తీయడానికి వెళ్తున్న ఇరవై ఆరుగురు మెక్సికన్ కూలీలు టార్పాలిన్ కింద ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. క్షయ ఉన్నవాళ్లు అనుమతి లేకుండా రాష్ట్రం దాటకూడదు. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉన్న, క్షయ తేలినవాళ్ల జాబితాలో మూడు పేర్లున్నాయి. ముసలి పెత్రా, లీనో, హసింత.

పేర్లు వినగానే హసింతకు సంగతి అర్థమైపోయింది. బయలుదేరే ముందు ఊళ్లో పరీక్షకని ఉమ్మి సీసాలిచ్చారు. క్షయ తేలితే పని పోతుందని దగ్గేవాళ్లు హడలిపోయారు. గుంపులో ఒక్కసారీ దగ్గనిది హసింతే. "రాయిలా ఉన్నావు, నువ్వే ఉమ్మి పెట్టవే తల్లీ" అని పెత్రా తన సీసా ఆమె చేతిలో పెట్టింది. లీనో కూడా పెట్టాడు. మూడు సీసాల్లోనూ ఉన్నది హసింత ఉమ్మే. అంటే జబ్బు తనకే.

ఏడుపు రావాలి. రాలేదు. చేతులు చూసుకుంది. ఎవరివో అన్నట్టున్నాయి.

"అయ్యా, మూడూ నావే. నేనే ఉమ్మాను. వాళ్లను పోనివ్వండి" అని చెప్పి, దిగి, తన మూట పక్కన కూర్చుంది.

"విన్నారా సార్! ఆ ఒక్కతే!" రొసాలియో మొహం వెలిగింది. "మీరిద్దరూ మూటలు తీసుకుని కూర్చోండ్రా, పోదాం!"

"మరి ఈ పిల్ల ఎక్కడికి పోతుంది?" అంది పెత్రా.

"నాకేం తెలుసు? రూలు సర్కారుది."

పెత్రా ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఆసుపత్రికి పంపుతారా బాబూ?"

"దాటకుండా చూడటమే నా పని. ఆసుపత్రి మాట ఈ కాగితంలో లేదు."

లీనో ముసల్దాని శాలువా అంచు లాగాడు. "కూర్చో పిన్నీ. మనం దిగితే వేరేవాళ్లను పెట్టుకుంటారు. ఈ ఏడు పని పోయినట్టే."

"పోతే పోనీరా! నీ దగ్గు బయటపడకూడదని అది ఉమ్మింది. ఆ మాత్రం సిగ్గుండక్కర్లా?"

పెత్రా దగ్గుకుంటూ దిగి కూర్చుంది. లీనో బూతులు తిట్టి, తనూ దిగాడు. ఆ తర్వాత లారీలో ఎవరూ మిగల్లేదు.

"దాటొద్దంటే దాటం" అంది పెత్రా. "జబ్బు అంటుకుంటుందని మాకూ తెలుసు. ఆపండి, కానీ మంచం ఇచ్చి ఆపండి. మా అందరికీ ఛాతీ పరీక్ష చెయ్యండి. ఈ పిల్లకోసం ఆసుపత్రి బండి వచ్చేదాకా ఒక్క మొక్క దగ్గరా కలుపు తీసేది లేదు."

రొసాలియో పరుగెత్తి పోలీసులను తీసుకొచ్చాడు. "ఎక్కుతారా, జైలుకొస్తారా?" అన్నాడు పెద్ద పోలీసు.

"జైల్లో మంచాలున్నాయా నాయనా?" అంది పెత్రా.

అందరూ నవ్వారు. హసింత నవ్వలేదు. ఇదంతా ఎవరికోసమో జరుగుతున్నట్టు చూస్తోంది. పోలీసులు ముక్కులకు గుడ్డలు కట్టుకుని పెత్రాను, లీనోను ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు. లోపల్నుంచి ముసల్దాని దగ్గు వినపడుతూనే ఉంది.

అప్పుడే వెనక నుంచి మరో కూలీల లారీ వచ్చింది. పోలీసు "పోండి, పోండి" అని చెయ్యి ఊపాడు. టార్పాలిన్ ఎత్తి ఒకామె అడిగింది.

"ఏమైంది చెల్లీ?"

హసింత చెప్పింది. మూడు సీసాలు, రూలు, మంచం. అంతే చెప్పింది.

ఆ లారీ ఇంజను ఆగింది. ఒక్కొక్కరే దిగుతున్నారు. హసింత తన మూట పక్కకు జరిపి చోటిచ్చింది.