అక్టోబరు పన్నెండు, తొమ్మిది పేర్లు

మా రేవు పట్నం రేడియోలో ప్రతి ఉదయం తొమ్మిదింటికి ‘నేటి తేదీ’ అని ఐదు నిమిషాల కార్యక్రమం వచ్చేది. ఏ గాయని ఈ రోజు పుట్టింది, ఏ సినిమా ఈ రోజు విడుదలైంది, ఏ పాట మొదటిసారి రికార్డయింది, ఇవన్నీ ఏరి రాయడం నా పని. పదకొండేళ్ళు రాశాను.

ఏటా అక్టోబరు పన్నెండున మాల్సున్ అనే ముసలామె స్టేషనుకు వచ్చేది. 1971లో అదే రోజు మా ఊరి హాల్లో ఓ కొత్త సినిమా మొదటి ఆట. హీరో స్వయంగా వస్తున్నాడని జనం ఎగబడ్డారు. మేడమెట్ల మీద తొక్కిసలాటలో తొమ్మిది మంది పోయారు. వాళ్ళలో ఆమె కూతురు గుమ్రే ఒకతె. పదహారేళ్ళది, చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసేది. సినిమా పేరు ఏటా చెప్పేవాళ్ళం. ఆమె వచ్చి అడిగినా ఆ తొమ్మిది మంది మాట ఎన్నడూ ఎత్తలేదు.

యాభయ్యో ఏడు నేను గుమ్రే పేరుతో ఒక్క వాక్యం చేర్చాను. ప్రొడ్యూసర్ ప్యో దాన్ని కొట్టేశాడు.

“పొద్దున్నే జనం సూపు తాగుతూ వింటారమ్మా. వాళ్ళ గిన్నెల్లో శవాలు వేస్తావా?”

“జరిగిందే కదా సార్. అదీ మన ఊళ్ళో.”

“మన ఊరు కాబట్టే వద్దంటున్నా. సాయంత్రం ఆ సినిమా మళ్ళీ వేస్తున్నారు, మేయర్ వస్తున్నాడు. నోరు మూసుకుని పాట పెట్టు.”

మూసుకున్నాను.

కార్యక్రమం అయ్యాక కిందికి దిగితే, మాల్సున్ అవ్వ గోడకున్న స్పీకరు కింద బెంచీ మీద కూర్చుని ఉంది.

“చెప్పారా అమ్మాయీ?” గట్టిగా అడిగింది.

“వినలేదా అవ్వా?”

“చెవులు పోయాయే. ఆ డబ్బా ఏం గొణిగినా నాకొకటే.”

“చెప్పాం,” అని ఆమె చెవి దగ్గర అరిచాను.

“పేరు కూడానా?”

“పేరు కూడా.”

నా చేతులు రెండూ పట్టుకుంది. “ఇవాళ దాని ఫోటో ముందు అన్నం పెడతానుగా, అప్పుడు దానికి చెప్తాను,” అంది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. పక్కింటావిడ కార్యక్రమం మొత్తం విన్నదట. అవ్వ తిట్టలేదు.

“చెప్పకపోతే చెప్పలేదనాల్సింది. యాభై ఏళ్ళుగా నాకు అలవాటేగా. ఇప్పుడు పిల్లకి అబద్ధం చెప్పినదాన్నయ్యాను. ఆ మాట ఎట్లా వెనక్కి తీసుకోనే?”

ఆమె ఇక రాలేదు. ఫిబ్రవరిలో పోయిందని పక్కింటావిడే చెప్పింది.

మరుసటి అక్టోబరు పన్నెండున, ప్యో చూసి సంతకం పెట్టిన కాగితాల అడుగున ఇంకో కాగితం పెట్టాను. అనౌన్సర్ పాంగ్ అక్కడికొచ్చి ఆగాడు. అద్దం అవతలున్న నా వైపు చూశాడు. తర్వాత చదివాడు. తొమ్మిది పేర్లు, తొమ్మిది వయసులు. అందరిలోకీ చిన్నదానికి ఏడేళ్ళు. ప్యో తలుపు తోసుకుని వచ్చేసరికి పాట మొదలైంది.

ఆ వారమే నన్ను అక్కణ్ణుంచి తీసేసి, అలల ఎత్తూ గాలి వేగమూ రాసే పనిలో వేశారు. పేర్లు చదివిన ఆ ఉదయం శ్రోతల నుంచి ఒకే ఒక్క ఫోను వచ్చింది. చివర వేసిన పాట ఎవరు పాడారని అడిగారు. చెప్పాను.