కింది గీత

తల్లి పోసవ్వ కిడ్నీ రిపోర్టులు ఏడింటినీ మంచం మీద పరిచి, వాటిలోని క్రియాటినిన్ అంకెలను మహిపాల్ గళ్ళకాగితం మీద చుక్కలుగా పెట్టాడు. నస్రుల్లాబాద్ పొలంలో పని లేనప్పుడు ఫోన్‌లో షేర్ల చార్టులు చూస్తూ, గీతలు గీసి కొనడం, అమ్మడం అతనికి రెండేళ్ళ అలవాటు. స్కేలు పెట్టి ఒక గీత లాగి భార్యను పిలిచాడు.

"సూడు సౌజన్యా. డాక్టర్ చెప్పిన ఎనిమిది కాడికి పోనీకి ఇంక ఏడాదిన్నర పైననే పడ్తది. గిప్పుడే అమ్మ చెయ్యి కోపిచ్చుడేంది?"

క్రియాటినిన్ ఎనిమిది దాటితే డయాలసిస్ తప్పదనీ, అందుకు దారిగా ఎడమచేతి రక్తనాళాలు కలపాలనీ, ఆపరేషనయ్యాక అది పనికి రావడానికి రెండు నెలలు పడుతుందనీ, వెంటనే రమ్మనీ నిజామాబాద్ డాక్టర్ చెప్పి వారమైంది.

సౌజన్య కాగితం చేతిలోకి తీసుకుంది. చుక్కలు కిందికీ మీదికీ ఉన్నాయి. గీత మాత్రం కింది చుక్కలనే తాకుతూ పోయింది.

"మీదున్న మూడు చుక్కలు ఎందుకు ఇడ్సిపెట్టినవ్?"

"పెరిగేదానికి కింది చుక్కలనే పట్టి గీత గీస్తరు. నీకేం దెల్సు చార్టు సంగతి?"

"నాకు చార్టు తెల్వది. మూడుసార్లు వాంతులైతే అత్తమ్మను దవాఖానకు తోల్కవోయింది నేను." ఆమె మూడో చుక్క మీద, ఐదో దాని మీద, ఏడో దాని మీద వేలు పెట్టింది. "రెండు దినాలు సెలైన్ ఎక్కిచ్చినంక తీసిన రక్తం ఇవి. అందుకే తగ్గినయి."

సౌజన్య స్కేలు తీసుకుని పైచుక్కలు కలిపింది. ఆ గీత ఐదు నెలల్లోనే ఎనిమిదిని దాటింది.

అరుగు మీద బియ్యం చెరుగుతున్న పోసవ్వ చేట ఆపింది. "ఏమిరా, నా రేటు పెరుగుతుందా? పెరిగినప్పుడే అమ్మెయ్యి బిడ్డా."

"ఊకో అమ్మా!" మహిపాల్ అరుగు మీదికి వచ్చాడు.

"కోసినంక నేను చేట పట్టద్దా, సౌజన్యా?"

"ఆ చెయ్యితోని బరువు లేపద్దన్నడు అత్తమ్మా. డయాలసిస్‌కు తప్ప సూది గూడ పొడ్వద్దట."

పోసవ్వ చేటలోని బియ్యాన్ని కాసేపు చూసింది. తర్వాత ఎడమచేయి చాపింది. "ముందుగాల గీ వెండి కడెం తియ్యుండ్రి మరి."

మహిపాల్ సబ్బునీళ్ళు తెచ్చి తల్లి మణికట్టుకు రాశాడు. కడెం కదల్లేదు. గట్టిగా పట్టిన అతని బొటనవేలు తీసినచోట చర్మంలో గుంట పడింది. ఎంతసేపు చూసినా పూడలేదు.

"ఎన్ని దినాలాయె గిట్ల ఉబ్బి?"

"గా ఫోన్ సూసుకుంట నువ్వెప్పుడు సూసినవ్?" అంది పోసవ్వ, కోపం లేకుండానే.

అతను చేతులు తుడుచుకుని డాక్టర్ నంబరుకు ఫోన్ కలిపాడు. రేపు పది గంటలకు రమ్మన్నారు.

"కంసాలి దుకాణం తెరిచే ఉంటది. కడెం కోపిచ్చుకొస్తం," అన్నాడు సౌజన్యతో. చెప్పులు తెచ్చి తల్లి కాళ్ళ దగ్గర పెట్టి, ఆమెను భుజం పట్టి లేపాడు.