గీత పక్కన జెండా

నేను ఒక ఎర్ర జెండాను. ఏ పార్టీకీ చెందను. ఫుట్‌బాల్ మైదానంలో పక్కగీత వెంట పరుగెత్తే లైన్స్‌మన్ చేతిలో ఉండే మూరెడు గుడ్డను. పరికిణీ కుట్టగా మిగిలిన ముక్కతో హసీనాబీ అనే దర్జీ నన్ను కుట్టింది. కర్రను మాత్రం తిప్పేస్వామి సారు తన చేత్తోనే చెక్కుకున్నారు. ఆయన కాలేజీలో చేరిన ఏడు అది.

సారు మా డిగ్రీ కాలేజీ జట్టుకు అసిస్టెంట్ కోచ్. పంతొమ్మిదేళ్లు గడిచినా అసిస్టెంటే. బంతులకు గాలి కొట్టేది, సున్నంతో గీతలు గీసేది, మడమ బెణికితే కట్టు కట్టేది అన్నీ ఆయనే. ఫొటో దిగేటప్పుడు మాత్రం కోచ్ జయచంద్ర గారు నడిమధ్య కుర్చీలో ఉంటారు, మా సారు వెనక వరసలో చివరన నిలబడతారు. ఒక్కోసారి ఆయన సగం భుజమే ఫొటోలో పడేది. ఎవరు ఎంత కష్టపడ్డారో మనుషులు ఫొటో చూసే తేల్చేస్తారు.

మా వైపు కాలేజీల పోటీల్లో ఒక అలవాటు ఉంది. రెఫరీ బయటి నుంచి వస్తాడు. లైన్స్‌మన్లను మాత్రం ఆడే కాలేజీలే చెరొకరిని ఇవ్వాలి. మా తరఫున ఎప్పుడూ తిప్పేస్వామి సారే వెళ్లేవారు. తప్పు చేస్తే మా పిల్లల మీద కూడా నన్ను ఎత్తేవారు.

"ఏమప్పా తిప్పేస్వామీ, నువ్వు మనోడివా, వాళ్లోడివా?" అని జయచంద్ర గారు ఎగతాళి చేసేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

జయచంద్ర గారు రిటైరయ్యే ఏడు ప్రిన్సిపాల్ మా సారును పిలిచి, "ఈసారి కప్పు తీసుకురా. ఆ కుర్చీ నీదే," అన్నారు.

ఫైనల్లో చెరొక గోలు అయింది. ఆట ముగియడానికి ఐదు నిమిషాలుంది. అవతలి జట్టు పిల్లవాడు ఇలియాస్‌కు దూరం నుంచి బంతి వచ్చింది. తనవాళ్లు బంతి తన్నిన క్షణానికి అతను మా ఆఖరి డిఫెండరును దాటి గోలు వైపు నిలబడి ఉంటే అది ఆఫ్‌సైడ్, నేను లేవాలి. ఇలియాస్ దాటలేదు. డిఫెండరుకు బారెడు ఇవతలే ఉన్నాడు. బంతి గాలిలో ఉండగా పరుగు తీసి దాన్ని అందుకుని గోలు కొట్టాడు.

సారు అంతా చూశారు. ఆయన నా కర్రను బిగించి పట్టుకోవడంలోనే నాకది తెలిసింది. అయినా నన్ను ఎత్తారు. నేను రెపరెపలాడాను. కనీసం ముడుచుకుని ఉండాల్సింది. ఆ రోజు గాలి బాగా ఉంది.

గోలు చెల్లదన్నారు. కాసేపటికి మావాళ్లు గోలు కొట్టారు. కప్పు మాకు వచ్చింది.

అంతా సందడిగా ఉండగా ఇలియాస్ సారు దగ్గరికి వచ్చాడు. ఎండాకాలం శిబిరంలో ఆయన దగ్గర ఆట నేర్చుకున్నవాడే.

"ఎంత ముందున్నా సార్?"

"ఒకడుగు," అన్నారు సారు, తన బూట్లు చూసుకుంటూ.

"చూసుకోల్యా సార్. తప్పు నాదే."

ఆ మాటతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుడ్డకు తలేమిటని మీరు నవ్వొచ్చు.

మరుసటి ఏడు సారు కుర్చీలో కూర్చున్నారు. నేను కొత్త అసిస్టెంట్ నాగవేణి మేడం చేతికి వచ్చాను. మళ్లీ అదే జట్టు మాతో ఆడింది. బంతి వస్తోందంటే ఇలియాస్ ముందు నా వైపు చూసేవాడు. నేను లేవలేదని నమ్మకం కుదిరి కదిలేసరికి బంతి దాటిపోయేది. అలా నాలుగుసార్లు. వాళ్ల కోచ్ అతన్ని బయటికి పిలిచేశాడు.

"ఆడేకొచ్చినావా, జెండా చూసేకొచ్చినావా రా?"

ఆట అయ్యాక మేడం నన్ను బెంచీ మీద పెట్టి వెళ్లింది. అదే బెంచీ చివర ఇలియాస్ బూట్లు విప్పుకుంటున్నాడు. తిప్పేస్వామి సారు వచ్చి మా మధ్య కూర్చున్నారు.

"పోయినేడు నువ్వు ముందు లేవు నాయనా. నేను తెలిసే ఎత్తినా."

ఇలియాస్ తలెత్తి చూసి చిన్నగా నవ్వాడు. "నాకు బాధ పోవల్లని అట్ల చెప్తాండారు. మీరట్ల చేసే మనిషి కాదని అందరికీ తెలుసు లే సార్."

"లేదురా, నిజంగానే చెప్తాండా."

"ఉండనీండి సార్. వచ్చేడు నుంచి డిఫెండరుగా ఆడతా. అట్లయితే ఈ తంటా ఉండదు."

బూట్లు చేతపట్టుకుని, సారుకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. పంతొమ్మిదేళ్లు నిజాయితీగా ఉండి తెచ్చుకున్న పేరు ఆ ఒక్క అబద్ధాన్ని అందరిచేతా నమ్మించింది. నిజం చెప్పిన రోజున ఆ పేరే అడ్డం పడింది.

ఇప్పుడు ప్లాస్టిక్ పిడుల జెండాలు వచ్చాయి. నేను ఆటల గదిలో, ఇనప్పెట్టెలో, గాలి పోయిన బంతుల కింద ఉన్నాను. పంపు కోసం సారు అప్పుడప్పుడూ పెట్టె తెరుస్తారు. చేతికి నేను తగిలితే చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంటారు. నాకూ అదే నయం.