నిండు పియాలా

మా జనరల్‌కి తుపాకులిచ్చేది అమెరికా. ఆ తుపాకులతో మావాళ్లని కోటలో కుక్కితే బుగ్గలు నొక్కుకునేదీ అమెరికాయే. వాళ్ల కల్నల్ నెలకోసారి విమానంలో దిగుతాడు. ఖైదీల గురించి అడిగితే జనరల్‌కి కోపం, అడక్కపోతే పైవాళ్లకి కోపం. కరవమంటే కప్పకి, విడవమంటే పాముకి.

మా తమ్ముడు షామురాద్ ఆ కోటలోనే ఉన్నాడు. జనరల్‌కి గిట్టని నాయకుడి లారీ నడపడం వాడు చేసిన నేరం. నేను జనరల్ అతిథిగృహంలో టీ పోస్తాను. దుబాసీ ఎర్గాష్‌ని బతిమాలితే, వాడు కల్నల్ చెవిన వేశాడు.

ఆరోజు కల్నల్ అడిగాడు. జనరల్ చాలాసేపు పిస్తాలు ఒలుచుకుని, మీ ముఖం చూసి శుక్రవారం వదిలేస్తానన్నాడు. నేను టీ పోయడానికి కెటిల్ ఎత్తాను.

కల్నల్‌కి పట్టలేని సంతోషం. కెటిల్ నా చేతిలోంచి తీసుకుని, జనరల్ పియాలా అంచుదాకా నింపాడు. మాలో టీ ఎంత తక్కువ పోస్తే అంత మర్యాద, మళ్లీ మళ్లీ పోసే భాగ్యం దక్కుతుందని. నిండా పోశామంటే తాగి దయచేయమని. పాపం, ఉదారంగా పోశాననుకున్నాడు వెర్రిబాగులవాడు.

చుట్టూ సేనానులు. ఒక్కరూ నవ్వలేదు.

"నా ఇంట్లోంచి నన్నే లేచి పొమ్మంటున్నాడు, చూశారా?" అన్నాడు జనరల్ మెల్లగా.

జనరల్ గారు కృతజ్ఞతలు చెప్తున్నారని ఎర్గాష్ అనువదించాడు. కల్నల్ గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

జనరల్ కల్నల్‌ని ఏమీ అనలేడు, తుపాకులొచ్చేది అతని విమానంలోనే. అత్త మీది కోపం దుత్త మీద. శుక్రవారం అమ్మా నేనూ పొద్దుగూకేదాకా కోట గుమ్మం ముందు నిలబడ్డాం. ఎవరూ బయటికి రాలేదు.

మరుసటి నెల విమానం దిగింది. ఇద్దరూ కావలించుకున్నారు. ఆ తర్వాత ఎర్గాష్ వంటింటి గుమ్మంలోకొచ్చి, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"అక్కా, ఆ పేరుగల మనిషి కోటలో లేనేలేడన్నాడు జనరల్. అయితే వదిలేసే ఉంటారు, ఆవిడకి చెప్పు అని కల్నల్ సంబరపడ్డాడు."

"నువ్వేమన్నావురా?"

"ఏమంటానక్కా? నాకూ పెళ్లాంపిల్లలున్నారు."

కోటలో లేడంటే ఏమిటో మా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. ముగ్గురినీ కడుపారా తిట్టుకున్నాను. ఇంటికెళ్లి అమ్మకి మాత్రం కల్నల్ అన్నమాటే చెప్పాను.

అమ్మ కళ్లు తుడుచుకుని పలావుకి క్యారెట్లు తరగడానికి కూర్చుంది. వాడికి ఎండుద్రాక్ష ఎక్కువ పడాలి, బజారుకెళ్లి పట్టుకురా అంది.

వెళ్లి తెచ్చాను.