గడులన్నీ సమానమైతేనే

తండ్రి పెద్దకర్మ నాడు కులపెద్దలు పొలాన్ని ఇద్దరు కొడుకులకూ, కూతురికీ తలా మూడో వంతు అన్నారు. వానకాలం దగ్గర పడేసరికి పెద్దన్న రాయమల్లు గోదావరిఖనిలో చెల్లెలు శోభ ఉండే క్వార్టరుకు వచ్చి ఇంకో మాట చెప్పాడు.

"పన్నెండు మళ్లల్ల నాలుగు నీయి చెల్లె. వాగు దిక్కుయి. హద్దురాళ్లు గూడ పాతిపిచ్చిన."

చాయ్ తాగి వెళ్లిపోయాడు. శోభకు ఆ మాట మింగుడుపడలేదు. ఒకటి, మూడు అన్నచోట నాలుగు, పన్నెండు ఎందుకొచ్చాయి? పెద్ద అంకెలు చెప్పి చిన్న వాటా అంటగడుతున్నాడా?

షిఫ్టు దిగి వచ్చిన భర్త సదానందం వింటూనే విసుక్కున్నాడు. "తోడబుట్టినోన్ని గూడ అనుమానిస్తరా?"

చిన్నప్పుడు మానేసిన చదువును శోభ ఇప్పుడు ఓపెన్ స్కూల్లో మళ్లీ మొదలుపెట్టింది. వెనక లైన్ క్వార్టర్లలో ఉండే ఉమేరా సాయంత్రాలు ఆమెకు లెక్కలు చెబుతుంది. అప్పుడు భిన్నాల పాఠమే నడుస్తోంది.

"టీచరమ్మా, పన్నెండిట్ల నాలుగన్నా, మూడిట్ల ఒకటన్నా ఒక్కటేనా?"

ఉమేరా పాత క్యాలెండర్ కాగితం తీసి, నిలువునా మూడు మడతలు వేసింది. ఒక పట్టీకి ఎర్ర పెన్సిల్ రుద్దింది. మళ్లీ అడ్డంగా నాలుగు మడతలు వేసి విప్పింది.

"ఇప్పుడెన్ని గడులక్కా?"

"పన్నెండు."

"ఎర్రయి?"

"నాలుగు."

"మరి ఎరుపు పెరిగిందా, తగ్గిందా?"

శోభ కాగితాన్ని లాక్కుని వెనకా ముందూ తిప్పి చూసింది. మడతల్లో ఏదో మాయ చేసిందనిపించింది. "ఇంకోటియ్యి, నేనే మడుస్త" అంది. తన చేతులతో మడిచినా ఎరుపు అంతే ఉంది.

"నాలుగు గడుల్ని ఒక్క ముక్కనుకుంటె, కాగితమంత మూడు ముక్కలే. అందుకే పైనా కిందా నాలుగుతోని భాగిస్తం" అంది ఉమేరా.

శోభకు గుండె తేలికపడింది. ఉత్తపుణ్యానికి అన్నను అనుమానించానని సిగ్గేసింది కూడా. అప్పుడు ఉమేరా పెన్సిల్ చెక్కుకుంటూ, "గడులన్నీ సమానంగ ఉండాలె మరి. లేకుంటె ఈ లెక్క చెల్లది" అంది.

శోభకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి పుట్టినూరు కమాన్‌పూర్ బస్సెక్కి, దిగగానే నేరుగా పొలానికి నడిచింది.

అన్నదమ్ములిద్దరూ అక్కడే ఉన్నారు. రాయమల్లు మళ్లు నలుచదరంగా, విశాలంగా ఉన్నాయి. చిన్నన్న నర్సింగానివీ అంతే. తన నాలుగింటిలో రెండు బాగానే ఉన్నాయి. మిగతా రెండూ వాగు వంపు దగ్గర నాలుకల్లా సన్నగిల్లాయి.

"నాలుగంటె నాలుగే గదనే" అన్నాడు రాయమల్లు.

శోభ సంచిలోంచి కాగితం తీసి, కొన్ని గడులు వెడల్పుగా, కొన్ని సన్నగా వచ్చేట్టు మడిచి అతని ముందు పట్టింది.

"గిది గూడ పన్నెండే అన్నా. గీ సన్నయి నాలుగు నువ్వు తీసుకుంటవా?"

"సదువు నేర్చి నన్ను దొంగను జేస్తున్నవా?" రాయమల్లు మొహం కందిపోయింది. "మడికీ మడికీ నడుమ ఒడ్లు తాతల నాడు పోసినయి. నేను పోసిన్నా?"

నర్సింగం ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "నేనైతె తీసుకోనే అన్నా" అన్నాడు మెల్లగా. బావి దగ్గరికి వెళ్లి మోకు తెచ్చాడు.

ఎండ నెత్తికెక్కేదాకా కొలిచారు. మళ్ల లెక్క వదిలేసి, పొలం మొత్తాన్ని మూడు సమాన ముక్కలు చేశారు. వాగు వంపు ముగ్గురికీ కొంత కొంత వచ్చింది. రాళ్లు పీకి కొత్త హద్దుల మీద పాతారు.

మధ్యాహ్నం పెద్దవదిన అన్నానికి పిలిచింది. శోభ గడపలో ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్లి పెద్దన్న పక్కనే కూర్చుంది. అతను పప్పు గిన్నె ఆమె వైపు జరిపాడు కానీ కళ్లెత్తలేదు. తెలిసే చేశాడో, మళ్లు లెక్కబెడితే చాలనుకున్నాడో ఆమెకు అర్థం కాలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చిన మాటను ముద్దతో పాటు మింగేసింది.