కడిగిన సీసా

రిపోర్టు చేతికి రాగానే నాకు ఒళ్లు మండింది. మూత్రంలో చీము కణాలు నిండా ఉన్నాయట, క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షలో మాత్రం ఏ క్రిమీ పెరగలేదట! నా నాలుగేళ్ల సుష్మితకు ఈ జ్వరం రావడం ఇది మూడోసారి. ఏ క్రిమో కనిపెట్టి సరైన మందు వేయకపోతే కిడ్నీలు పాడవుతాయని కళ్యాణదుర్గం డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందాకా అందాజుగా ఇచ్చిన మందుకు జ్వరం దిగడం లేదు. పిల్ల నా భుజం మీద కాలిపోతోంది.

"ఏమప్పా, పరీక్ష చేసినావా, ఊరికే రాసిచ్చినావా?" అని ల్యాబులో ఐజాక్‌ను నిలదీశాను.

"చేసినానమ్మా. నాకూ అనుమానంగానే ఉండాది. సీసా ఇయ్యకముందే పాపకు ఇంట్లో ఎవురన్నా మందు ఏసినారా? ముందే మందు పడుంటే క్రిమి పెరగదు."

అంతే, నా చూపు పక్కనే ఉన్న మా అత్త లక్ష్మీదేవమ్మ మీదికి పోయింది. ఊళ్లో సూదులు వేసే ఎర్రప్ప అంటే ఆమెకు దేవుడే. పైగా ఆ రోజు నేను డాక్టరమ్మ దగ్గర వరుసలో నిలబడి ఉంటే, పాప చేత సీసాలో పోయించుకొచ్చింది కూడా ఆమే.

"అత్తా, ఎర్రప్ప మాత్రలు ఏసినావు కదా? నిజం చెప్పు."

"పాప మీద ఒట్టు, ఏయలే. నేనేమన్నా దానికి శత్రువునా?"

నేను నమ్మలేదు. అందరి ముందే ఆమె కొంగుముడి విప్పి చూశాను. వక్కలు తప్ప ఏమీ లేవు. ఆమె ముఖం మాడిపోయింది. అయినా నా అనుమానం పోలేదు.

ఐజాక్ కొత్త సీసా తెచ్చాడు. "జ్వరం దిగలేదంటే క్రిమి ఇంకా బతికే ఉంటాది. మళ్లా చూస్తాం."

అత్త చటుక్కున సీసా లాక్కుంది. సంచిలోంచి మామ కాలిపుండు కడిగే మందు తీసి అందులోకి వంచింది.

"ఏం చేస్తాండావు అవ్వా?" ఐజాక్ అరిచాడు.

"కడుగుతాండా. ఎవురెవురు పోసిన సీసానో ఏమో! ఊరోళ్ల రోగం నా బిడ్డకు అంటుకుంటే? మొన్న కూడా బాగా కడిగే పోయించినా."

ఐజాక్ తల పట్టుకున్నాడు. "ఎవురూ వాడని సీసా అవ్వా ఇది. నీ మందు తగిలి క్రిములన్నీ సీసాలోనే సచ్చినాయి. ఇంగ నేను యాడ ఎతికేది?"

"పిల్ల ప్రాణం పోయేదాకా కడుగుతావా?" అని నేను వీధి అదిరేలా అరిచాను. ఆమె మెట్ల మీద కూలబడింది.

ఇంకో సీసా తీసుకుని ఈసారి నేనే పోయించాను. క్రిమి పెరిగింది. మేం వేస్తున్న మందు దానికి పనిచేయదని, వేరే మందుకు లొంగుతుందని తేలింది. ఆ మందు పడ్డాక జ్వరం దిగింది.

పిల్ల లేచి కూర్చుని, "అవ్వా, నీళ్లు" అంది. అత్త గ్లాసు దాకా చేయి చాచి ఆగిపోయింది. భయంభయంగా నా వైపు చూసింది.

"అమ్మీ, నేను ముట్టుకోవచ్చునా?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "పాప నిన్ను అడుగుతాంటే నన్నెందుకు అడిగేది అత్తా, ఇయ్యి!" అని కసిరాను.