లివరుకు కట్టిన తీగ

సుందరరాజు చెయ్యి పడితే ఎంత మూలబడ్డ బండైనా లేచి పరుగెత్తాల్సిందేనని బందరులో పేరు. కృత్తివెన్ను చెరువుల నుంచి రొయ్యలు మోసే వ్యాన్లన్నీ అతని షెడ్డుకే వస్తాయి. వాటి వెనక ఇరుసు దగ్గర ఒక బ్రేకు వాల్వు ఉంటుంది. బండి ఖాళీగా ఉంటే వెనక చక్రాలకు ప్రెషర్ తగ్గిస్తుంది, బరువుంటే పెంచుతుంది. దాని స్ప్రింగును ఉప్పునీళ్లు తినేస్తాయి. రొయ్యల బండికి ఎప్పుడూ లోడే కదా! అందుకని సుందరరాజు ఆ వాల్వు లివరును పైకి లాగి బైండింగు తీగతో కట్టేస్తాడు. ఇక వెనక చక్రాలకు ఎప్పుడూ నిండు ప్రెషరే. ఇన్నేళ్లలో ఒక్క డ్రైవరూ తిరిగొచ్చి తిట్టలేదు.

చెల్లెలు మేరీ భర్త ప్రకాశరావుకు తండ్రి మిగిల్చినది పాత జిప్సీ జీపు. పాస్టరుగా ఆ పెద్దాయన దివిసీమంతా తిరిగిన బండి. బావలిద్దరూ ఏడాదిగా దాన్ని నట్టు నట్టూ విప్పి బాగుచేశారు. ఈ బండికీ అలాంటి వాల్వే. దాని కొత్త స్ప్రింగు రావడం ఆలస్యమైంది. అలవాటు పాడుగాను, సుందరరాజు దీనికీ తీగ కట్టేశాడు. పనివాళ్లందర్నీ వెనకాల ఎక్కించుకుని ట్రయల్ వేస్తే బండి తిన్నగా ఆగింది. ఇంకేం, స్ప్రింగు సంగతే మర్చిపోయాడు.

ఆ ఉదయం సన్నగా చినుకులు పడుతున్నాయి. తండ్రి కట్టించిన చర్చి ముందు ఆ బండి ఆపాలని ప్రకాశరావు ముచ్చట. మేరీని ఎక్కించుకుని అవనిగడ్డ బయల్దేరాడు. గుడివాడ నుంచి తన పాత కారు చూపించడానికొచ్చిన పెద్దమనిషి, జిప్సీ వెళ్లిన వైపే చూస్తూ సుందరరాజును తెగ మెచ్చుకున్నాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టబోయిన సుందరరాజుకు అక్కడ ఎప్పుడో వచ్చి పడున్న జిప్సీ స్ప్రింగు పొట్లం కనిపించింది. జిప్సీకి కట్టిన తీగ విప్పనేలేదు. ఖాళీ బండి, తడి రోడ్డు! బ్రేకు గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే పట్టేసి బండి గిర్రున తిరిగిపోతుంది.

ఫోన్ చేస్తే మేరీ ఎత్తింది.

"ఇప్పుడే ఉల్లిపాలెం వారధి దాటాం అన్నయ్యా. బండి భలే వెళ్తోంది!"

ఆపెయ్యమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. షెడ్డులో అందరూ వింటున్నారు. ఆ ఒక్క మాట అంటే ఉన్న పరువు కాస్తా పోదూ? పాపిష్టి పరువు!

"ఏం లేదమ్మా... బావని మెల్లగా వెళ్లమను. బ్రేకు గట్టిగా తొక్కొద్దను."

పక్కనుంచి ప్రకాశరావు నవ్వాడు. "నీ పని మీద నీకే నమ్మకం లేదేంటి బావా!"

పొట్లం చొక్కా జేబులో పడేసుకుని, సుందరరాజు మోటారుసైకిలు మీద వెనకాలే పరుగెత్తాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

వారధి దాటి కాస్త దూరం వెళ్లాక కాలవగట్టు మీద జనం. గేదె అడ్డమొచ్చిందట. టైర్లు ఈడ్చుకుపోయిన జాడ రోడ్డు మీంచి వంకరగా నీళ్లలోకి దిగింది. జిప్సీ తలకిందులుగా మునిగి ఉంది. ప్రకాశరావును గట్టు మీద పడుకోబెట్టి, మొహం మీద ఎవరో తువ్వాలు కప్పారు.

"బ్రేకు బానే పడిందండీ, ఆ జాడ చూడండి," అన్నాడొక రైతు. "ఆయన టైమే బాలేదు."

విరిగిన చేతిని ఒడిలో పెట్టుకుని కూర్చున్న మేరీ అన్నను చూడగానే బావురుమంది. "నువ్వు చెప్పావన్నయ్యా! మెల్లగా వెళ్లమని మరీ మరీ చెప్పావు. ఆయన వింటేనా!"

సుందరరాజు కూలబడి చెల్లెల్ని గుండెకు హత్తుకున్నాడు. నిజం చెప్పెయ్యాలని ప్రాణం కొట్టుకుంది. ఏడ్చి ఏడ్చి మేరీ కాస్త తల ఎత్తింది.

"నీ జేబులో ఏదో గుచ్చుకుంటోంది. ఏంటన్నయ్యా అది?"

"ఏం లేదమ్మా," అన్నాడు సుందరరాజు.